పదిహేడో ట్యూబు

పదిహేడో ట్యూబులో వైరస్ ఉందని మెషీన్ చెప్పింది. లేదని ఆస్పత్రి కాగితం చెప్పింది. మిగతా ఇరవై తొమ్మిది ట్యూబుల విషయంలో మెషీనుకీ కాగితానికీ పేచీ లేదు.

ఆ మర్నాడు ఉదయం పదకొండుకి ఆస్పత్రి ల్యాబు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. గొడుగు తలుపు బయట ఆనించింది. చంకలో రిజిస్టరు తడవలేదు కానీ కుడి భుజం తడిసింది. లోపలికి వచ్చి, "పదిహేడు ఎవరు?" అని అడిగింది.

బెంచి దగ్గర కూర్చున్నతను తలెత్తాడు. "పదిహేడు మనిషి కాదండీ, ట్యూబు."

"దాని మీద లేబుల్ తప్పని మాకు ఫోన్ చేసింది ఎవరని అడుగుతున్నా."

"నేనే."

ఆమె రిజిస్టరు తెరిచి బెంచి మీద పెట్టింది. ప్రతి ట్యూబుకీ ఒక వరస. అంకెల్లో నంబరు, పక్కనే అక్షరాల్లో అదే నంబరు. రాసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం, తేదీ, టైము. పదిహేడో వరసలో దిద్దుబాటు లేదు.

అతను ఆ వరస చూశాడు. వాదించడానికి అందులో ఏమీ దొరకలేదు. అందుకని మెషీన్ తెర ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ఉన్నది అతని రెండేళ్ల పని. వేలి వెడల్పున్న ఒక స్ట్రిప్పు, దాని చివర బంగారం పూసిన చుక్క. ఆ చుక్క మీద డీఎన్ఏ పోగులు అతికి ఉంటాయి. డీఎన్ఏ అంటే రెండు పోగుల జత. స్ట్రిప్పు మీద మాత్రం ఒక్క పోగునే ఉంచుతారు. రోగి నమూనాలో వైరస్ ఉంటే, దాని పోగు వచ్చి దీనితో జత కడుతుంది. జత కడితే చుక్క గుండా పోయే కరెంటు మారుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. లేకపోతే గీత నేలబారుగా పోతుంది. ఆస్పత్రిలో ఈ పరీక్షకి ఒక రోజు పడుతోంది. స్ట్రిప్పుకి నలభై నిమిషాలు చాలు. చాలునని నిరూపించడానికే ఆస్పత్రి వాళ్లు ముప్ఫై ట్యూబుల్ని నంబర్లు మాత్రమే వేసి పంపారు. ఎందులో ఏముందో రాసిన కాగితం కవరులో ఉంటుంది. అన్నీ కొలిచాకే కవరు విప్పాలి.

పదిహేడో గీత లేచి ఉంది. ఎక్కువ కాదు, కానీ లేచింది.

"దీనికి ముందు ఏది కొలిచారు?" అని ఆమె అడిగింది.

"పదహారు. పదిహేడుకి ముందు అదే వస్తుంది కదండీ."

"పదహారులో వైరస్ ఉంది. చాలా ఉంది."

"ఉంటే? ఒక్కో స్ట్రిప్పు ఒక్కసారే వాడతాం. పదహారులోది పదిహేడులోకి నడిచి రాదు."

"నడిచి రాదు. ఎవరైనా మోసుకురావాలి," అని ఆమె రిజిస్టరు మూసింది.

పక్క బెంచీల దగ్గర ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు లేకపోతే అతను ఆ మధ్యాహ్నం ఆ ఉత్తరం రాసేవాడు కాదేమో. రాయడానికి పది నిమిషాలు పట్టింది. నాలుగు వాక్యాలు. మూడో వాక్యం ఇది: నమూనాలకు లేబుళ్లు వేయడంలో అజాగ్రత్త జరిగినట్టు కనిపిస్తోంది.

అతని గైడును ల్యాబులో అందరూ మేడమ్ అనేవారు. మేడమ్ ఆ ఉత్తరం ఒకసారి చదివి, తన పేరుతో ఆస్పత్రి ల్యాబు పెద్ద డాక్టరుకి పంపారు. తప్పు ఆస్పత్రిదైతే పదిహేడుని పక్కన పెట్టొచ్చు. అప్పుడు ఇరవై తొమ్మిదికి ఇరవై తొమ్మిదీ సరి. రిపోర్టు అలాగే వెళ్లింది.

*

మూడు వారాల తర్వాత ఇంకో విడత ట్యూబుల కోసం అతను ఆస్పత్రికి వెళ్లాడు. ట్యూబులు రక్తం ఇచ్చే కౌంటరులో తీసుకోవాలన్నారు. అద్దం వెనక ఆమె కూర్చుని ఉంది. టోకెన్ నంబరు పిలవడం, పేరూ వయసూ రాసుకోవడం, లోపలికి పంపడం. ల్యాబు బెంచి మీద ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి ఆ పనిలో ఉంది.

అతన్ని చూసి ఆమె మొహం తిప్పుకోలేదు. అతను తిప్పుకున్నాడు.

"ఏంటి సైంటిస్టు గారూ, పదిహేడు బావుందా?" అంది.

ఇక్కడెందుకున్నారని అడిగాడు. అడగక ముందే అతనికి జవాబు తెలుసు. ఉత్తరం వచ్చిందనీ, విచారణ అయ్యేదాకా బెంచి దగ్గరికి వెళ్లొద్దన్నారనీ ఆమె చెప్పింది. విచారణ ఎప్పుడని అడిగితే, చేసేవాళ్లకి తీరిక దొరికినప్పుడని చెప్పింది. తర్వాత అద్దంలో ఉన్న కన్నం దగ్గరికి వంగి, "మీ మేడమ్ నాలుగు లైన్లలో నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. ఆవిడకి నా మీద ఏంటి కోపం?" అని అడిగింది.

ఆ క్షణంలో అతను చెప్పి ఉండాల్సింది. "మేడమ్ కొంచెం..." అన్నాడు. అక్కడితో ఆపాడు. వాక్యం పూర్తి చేయలేదు కాబట్టి అబద్ధం ఆడలేదని బస్సెక్కాక తనకు తాను చెప్పుకున్నాడు. రెండు స్టాపులు దాటేసరికి ఆ మాట తన దగ్గరే నిలబడలేదు.

ట్యూబులు వారానికి ఒకసారి తెచ్చుకుంటే సరిపోతుంది. అతను మూడుసార్లు వెళ్లడం మొదలుపెట్టాడు. మొదట్లో అది తప్పు చేసిన మనిషి తప్పు చుట్టూ తిరగడమే. నాలుగో వారానికి అది ఇంకోటి అయింది. ఆమె సెలవు పెట్టిన రోజు కౌంటరులో వేరే మనిషిని చూసి, ట్యూబులు తీసుకోవడం మర్చిపోయి తిరిగి వచ్చాడు. ఆ మర్నాడు వెళితే, "నిన్న వచ్చి ఉత్త చేతులతో వెళ్లారట. మీ మెషీన్‌లాగే మీకూ ఏదో ఒకటి తేడా కొడుతోంది," అని ఆమె అంది.

ఆస్పత్రిలో ఆమెను లేబులమ్మ అనేవారు. ఇతరులు వంకరగా అంటించిన లేబుళ్లు కూడా పీకి మళ్లీ అంటించేదట. ఆ పేరు ఆమెకి నచ్చినట్టే ఉండేది. కౌంటరుకి మారాక ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదని ఒకసారి మాటల్లో చెప్పింది. చెప్పి నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

ఒక సాయంత్రం డ్యూటీ అయ్యాక ఇద్దరూ ఒకే బస్టాపులో నిలబడ్డారు. వాన. షెల్టరు కప్పు కారుతోంది. ఆమె గొడుగు విప్పి, లోపలికి రమ్మంది. గొడుగుకి ఒక కమ్మీ విరిగి ఉంది. విరిగిన వైపు అతనిది అయింది. ఎడమ చెవిలో నీళ్లు పడుతున్నా అతను కదల్లేదు. మార్చమంటారా అని ఆమె అడిగితే, ఇటే బావుందన్నాడు.

"తడిస్తే బావుంటుందా?"

"ఎక్కడ కారుతుందో తెలిసే తడుస్తున్నాను కదా. ఇబ్బంది లేదు."

ఆమె అతని వైపు ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పింది. రావాల్సిన బస్సు వచ్చింది, వెళ్లింది. ఇద్దరిలో ఒక్కరూ ఎక్కలేదు.

అప్పుడు ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఉత్తరం కాపీ. మూడో వాక్యంలో 'అజాగ్రత్త' అన్న మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ఎదురుగా మార్జిన్‌లో ఒక ప్రశ్న గుర్తు.

వాళ్ల నాన్న ముప్ఫై ఏళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ఇప్పటికీ ఇంటికొచ్చిన ఏ కాగితమైనా పెన్సిల్ పట్టుకునే చదువుతారు. అంకెలు రెండు రకాలుగా రాయడం, గట్టిగా రెండుసార్లు చదవడం, ఇద్దరు సంతకం పెట్టడం ఆమెకి ఆయన దగ్గర పట్టుబడిన అలవాట్లు.

"ఈ ప్రశ్న గుర్తు ఏంటి?" అని అతను అడిగాడు.

"ఈ మాట ఇక్కడ సరైనదేనా అని రాసినవాళ్లని అడగడం. దిద్దడం కాదు. రాసినవాళ్లే జవాబివ్వాలి. వేరేవాళ్లు ఇస్తే చెల్లదంటారు నాన్న."

అతను ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. తను రాసిన మాట. తన చేతిలో ఉంది. పక్కన ఆమె ఉంది. వాన మీద నెపం పెట్టి కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"ఒక్క సంగతి చెప్పనా?" అంది ఆమె. "ఆ ట్యూబు మీద నంబరు రెండుసార్లు రాశాను. రెండుసార్లు చదివాను. నాకు గుర్తుంది. అయినా ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోతోంది. పొద్దున ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వచ్చి, వెనక్కి వెళ్లి మళ్లీ లాగి చూస్తున్నా. రోజూ."

సీనియర్ టెక్నీషియన్ ఉద్యోగానికి దరఖాస్తులు తీసుకుంటున్నారనీ, వచ్చే శుక్రవారం ఆఖరనీ చెప్పింది. ఫైల్లో ఆ ఉత్తరం ఉన్నంతకాలం పెట్టినా లాభం లేదు, అందుకే పెట్టడం లేదంది. మళ్లీ ఇలాంటి అవకాశం ఎప్పుడని అతను అడిగితే, ఇప్పుడున్నాయన రిటైరయ్యాక అంది. అది ఇంకో పదకొండేళ్లకి.

*

అతను ఉండేది అక్కావాళ్ల ఇంట్లో, మేడ మీద గదిలో. ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క మూడు గ్లాసుల్లో టీ పోసింది. బావకి షుగర్. ఆయన గ్లాసులో చక్కెర ఉండదు. అది ఆ ఇంట్లో నాలుగేళ్లుగా అమల్లో ఉన్న చట్టం.

బావ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "చక్కెర వేశావు."

"వెయ్యలేదు," అంది అక్క.

"తియ్యగా ఉంది."

"నేను వెయ్యలేదంటున్నాను కదా. డాక్టరు చెప్పిన రోజు నుంచి మీ గ్లాసులో గింజ కూడా వెయ్యలేదు. మీ నాలుకకి ఏదో అయింది."

"నా నాలుక నాకు తెలీదా?"

"నా చెయ్యి నాకు తెలీదా?"

ఇద్దరూ అతని వైపు చూశారు. తీర్పు చెప్పమన్నట్టు. అతను బల్ల మీద ఉన్న చెంచా చూస్తున్నాడు. అక్క ముందు తన టీలో చక్కెర వేసి తిప్పింది. అదే చెంచాతో బావ టీ తిప్పింది.

"అక్క వెయ్యలేదు," అన్నాడు. "బావ నాలుకా బాగానే ఉంది. చెంచా మోసుకొచ్చింది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అది ఎవరి మాటో గుర్తొచ్చింది. దాని వెనకే ల్యాబులోని కప్పు గుర్తొచ్చింది.

నమూనాలో ముంచిన స్ట్రిప్పుని కొలిచే ముందు ఉప్పునీళ్లలో కడగాలి. జత కట్టని పోగులు అందులో కొట్టుకుపోతాయి. ఒక్కో స్ట్రిప్పుకి ఒక్కో కప్పు. అది అతను సొంతంగా రాసి గోడకి అంటించిన నియమం. ఆ రోజు పదిహేడో కప్పు మోచెయ్యి తగిలి కింద పడింది. కొత్త కప్పులు రెండంతస్తుల కింద స్టోరులో ఉన్నాయి. పదహారో కప్పు ఎదురుగా ఉంది. పదిహేడో స్ట్రిప్పుని అందులో ముంచాడు. ఒక్క నిమిషం. పదహారు వదిలిన పోగులు అందులో ఈదుతూనే ఉన్నాయి. నేల తుడిచాడు. నోట్‌బుక్కులో రాయలేదు.

ఆమె వచ్చి ముందు ఏది కొలిచారని అడిగినప్పుడు ఆ కప్పుని నిజంగా మరిచిపోయాడా, గుర్తు చేసుకోకూడదనుకున్నాడా అన్నది అతనే తేల్చుకోలేకపోయాడు.

"ఏమోయ్, నీ టీలో కూడా ఏమైనా పడిందా?" అన్నాడు బావ.

ల్యాబుకి వెళ్లాలంటూ అతను చెప్పులు వేసుకుంటున్నాడు. ఆదివారం ల్యాబేంటని అక్క అడిగింది. గుమ్మం దాకా వచ్చి, "ఆ గొడుగు పిల్లేనా?" అంది. ఎడమ భుజం ఒక్కటే తడిసి ఇంటికొచ్చిన తమ్ముణ్ని ఆమె గమనించకుండా లేదు.

"ఆ అమ్మాయికి అన్యాయం చేశానక్కా."

అక్క వేళాకోళం ఆపేసింది. "అయితే గుమ్మంలో నిలబడి నాకు చెబుతావేంట్రా? వెళ్లి ఆ పిల్లకి చెప్పు," అంది.

*

వైరస్ ఉన్న నమూనాలో ఒక స్ట్రిప్పు ముంచి, కప్పులో కడిగాడు. అదే కప్పులో ఖాళీ స్ట్రిప్పు కడిగి కొలిచాడు. గీత లేచింది. కొత్త కప్పుతో చేస్తే లేవలేదు. నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ అంతే. లేచిన ఎత్తు కూడా ఆ రోజు పదిహేడు లేచిన ఎత్తుకి దగ్గరలోనే ఉంది. ఈసారి అన్నీ నోట్‌బుక్కులో రాశాడు. రాస్తుంటే అక్షరాలు ఒత్తి పడి, వెనక పేజీలో అచ్చుపడ్డాయి.

సోమవారం ఉదయం మేడమ్‌కి చెప్పాడు. ఆవిడ నోట్‌బుక్కు చదివి రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, ఎన్నిసార్లు చేశావని. రెండోది, కప్పు సంగతి ఆ రోజే ఎందుకు రాయలేదని. మొదటిదానికి జవాబుంది. రెండోదానికి అతను నేల చూశాడు. రిపోర్టు వెనక్కి తీసుకోవాలనీ, ముప్ఫై ట్యూబులూ మళ్లీ చేయాలనీ, మూడు నెలలు వెనకబడతామనీ ఆవిడ చెప్పారు. సరిచూడకుండా సంతకం పెట్టడం తన తప్పు, అది తను వేరే రాస్తానన్నారు.

అతను లేచాడు. ఇప్పుడే డాక్టరు గారికి ఉత్తరం రాస్తానన్నాడు.

"ఉత్తరం తర్వాత," అన్నారు మేడమ్. "కాగితానికి చెప్పే ముందు మనిషికి చెప్పు."

కౌంటరు దగ్గర జనం ఉన్నారు. రోజూ అయితే పక్క నుంచి వెళ్లి పలకరించేవాడు. ఆ రోజు అలా వెళ్లే హక్కు లేదనిపించింది. మెషీన్ నొక్కి టోకెన్ తీసుకున్నాడు. నలభై ఆరు. ముప్ఫై ఎనిమిది నడుస్తోంది. బెంచీ మీద కూర్చున్నాడు. ఎనిమిది మంది అయ్యేదాకా ఆమె పని చేస్తుంటే చూశాడు. ప్రతి పేరూ రాశాక రోగికి చదివి వినిపిస్తోంది. అవునంటేనే లోపలికి పంపుతోంది. ఈ మనిషిదే అజాగ్రత్త అని రాశాడు.

"నలభై ఆరు," అని పిలిచి, తలెత్తి అతన్ని చూసి నవ్వింది. "టోకెన్ కూడానా? ఏ పరీక్ష మీకు?"

అతను చెప్పాడు. బస్సులో మూడు రకాలుగా తయారు చేసుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. కప్పు పడిందని చెప్పాడు. పదహారో కప్పులో కడిగానని చెప్పాడు. నిన్న నాలుగుసార్లు చేసి చూశానని చెప్పాడు. లేబుల్ సరిగ్గా ఉందని చెప్పాడు.

ఆమె పెన్ను కింద పెట్టింది. కళ్లు మూసి తెరిచింది. ఆ ఒక్క క్షణం ఆమె మొహంలో కనిపించింది కోపం కాదు. తాళం వేశానన్న సంగతి రూఢి అయిన మనిషి మొహం అది.

"ఉత్తరం రాసింది ఎవరు?" అని అడిగింది.

"నేను. మేడమ్ సంతకం పెట్టారంతే."

"అజాగ్రత్త అన్న మాట?"

"నాదే."

"బస్టాపులో నేను ఆ కాగితం మీ చేతికిచ్చినప్పుడు, మీరు రాసిందేనని మీకు తెలుసు."

"తెలుసు."

"గొడుగులో నిలబడి."

అతను తలూపాడు. ఎడమ చెయ్యి ఎందుకో చెవి దగ్గరికి వెళ్లింది. వెనక నలభై ఏడు నంబరు పెద్దాయన, ఇంకా ఎంతసేపని గొణిగాడు.

ఆమె పెన్ను తీసుకుంది. బటన్ నొక్కింది. బోర్డు మీద అంకె మారింది.

"నలభై ఏడు," అంది.

*

ఆ సాయంత్రం డాక్టరుకి రాసిన ఉత్తరం పదకొండు వాక్యాలు. తన సంతకంతోనే రాశాడు. జరిగింది జరిగినట్టు, కప్పుతో సహా. నోట్‌బుక్కు పేజీల కాపీలు జతచేశాడు. అజాగ్రత్త అన్న మాట తొలగించాల్సిందిగా కోరాడు. ఆ మాట ఎవరికైనా వర్తిస్తే తనకేనని రాశాడు. చివర్లో ఆగి ఇంకో వాక్యం చేర్చాడు. చదివేవాళ్లకి ఆ సంగతి తెలియనివ్వకపోవడం కూడా దాచడమే అవుతుందనిపించింది. ఆ వాక్యం: ఆమె మీద నాకు గౌరవం ఉంది, అయితే ఈ ఉత్తరం దానివల్ల కాదు, జతచేసిన కొలతల వల్ల రాస్తున్నాను.

బుధవారం ఆమెను బెంచికి పంపారు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె దరఖాస్తు పెట్టింది. ఈ రెండు సంగతులూ అతనికి కౌంటరులో కొత్తగా కూర్చున్నామె చెప్పింది. ఆ తర్వాత అతను వారానికి ఒక్కసారే వెళ్లాడు. ట్యూబులు తీసుకున్నాడు, వచ్చాడు. లేబుళ్ల మీద ఆమె చేతిరాత మళ్లీ కనిపించింది. అంకెల్లో, అక్షరాల్లో. అంతకు మించి ఆమె నుంచి ఏమీ రాలేదు. రావాలని అతను అనుకోలేదు. బస్టాపులో ఆమె ఉంటే, రోడ్డుకి అవతల నిలబడి ఆమె ఎక్కే బస్సు వచ్చి వెళ్లేదాకా ఆగేవాడు.

అక్క రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. టీ మాత్రం మూడు చెంచాలతో తిప్పుతోంది.

ముప్ఫై ట్యూబుల పరీక్ష మళ్లీ పెట్టినప్పుడు, ఆస్పత్రి తరఫున ఒకరు దగ్గర కూర్చోవాలని డాక్టరు షరతు పెట్టారు. ఆ ఒకరు ఆమె. పదిహేడు తప్ప మిగతా ట్యూబులకి ఆస్పత్రి వాళ్లు నంబర్లు మార్చారు; సీలు వేసిన కొత్త కవరు మేడమ్ దగ్గర ఉంది.

ఉదయం తొమ్మిదికి వచ్చి, నమస్కారం కూడా చెప్పకుండా కప్పులు ఎక్కడని అడిగింది. అతను నలభై పెట్టాడు. పది ఎందుకు ఎక్కువని అడిగింది.

"కింద పడితే," అన్నాడు.

ముప్ఫై కప్పులకీ ఆమె లేబుళ్లు అంటించింది. ఒక్కో స్ట్రిప్పుకీ ముందు కప్పు మీద నంబరు గట్టిగా చదవమంది. రెండుసార్లు. పక్క బెంచీల వాళ్లు వింటున్నారు. ఆ రోజు నవ్వినవాళ్లే. అతను చదివాడు. ఒకటి, ఒకటి. రెండు, రెండు. ఐదు దాటేదాకా చెవులు కాలుతూనే ఉన్నాయి. పదిహేను దగ్గర భోజనానికి ఆపారు. ఆమె తన డబ్బా తెచ్చుకుని కిటికీ దగ్గర తింది. అతను మెట్ల మీద తిన్నాడు.

పదిహేడు, పదిహేడు.

గీత నేలబారుగా వెళ్లింది. ఇద్దరూ తెర చూస్తూనే ఉన్నారు. ఆమె రిజిస్టరులో టైము వేసింది.

సాయంత్రం మేడమ్ వచ్చి కవరు విప్పారు. ఇరవై తొమ్మిది సరిపోయాయి. తొమ్మిదో ట్యూబు సరిపోలేదు. అందులో వైరస్ ఉందని కాగితం, లేదని స్ట్రిప్పు. మేడమ్ ఏమంటావని అడిగారు. కప్పు పడలేదు. క్రమం తప్పలేదు. లేబుల్ అతనే రెండుసార్లు చదివాడు. అతను నోట్‌బుక్కు తెరిచి రాశాడు: తొమ్మిది సరిపోలేదు. నమూనా సరైనది. మా స్ట్రిప్పు పట్టుకోలేకపోయింది. కారణం తెలియదు.

ఆమె అతని భుజం మీదుగా ఆ వరస చదివింది. మేడమ్ వెళ్లిపోయారు. పక్క బెంచీలు ఖాళీ అయ్యాయి. బయట వాన మొదలైంది. ఆమె సంచి సర్దుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మడత పెట్టిన కాగితం బెంచి మీద పెట్టింది.

అతను డాక్టరుకి రాసిన ఉత్తరం కాపీ. ఆఖరి వాక్యంలో 'గౌరవం' చుట్టూ పెన్సిల్ సున్నా. మార్జిన్‌లో ప్రశ్న గుర్తు.

"నాన్న పెట్టారు," అంది. "రెండు వారాల నుంచి సంచిలోనే ఉంది. ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేదు."

"తప్పు రాశానా?"

"తప్పని అనలేదు. ఉత్త గౌరవం ఉన్న మనిషి ఇంత సంజాయిషీ ఇవ్వడన్నారు. ఆ మాట చాలుతుందో లేదో రాసినతన్నే అడగమన్నారు."

అతను కాగితం చూస్తూ కూర్చున్నాడు. మొదటి ఉత్తరం తనదని చెప్పకుండా నాలుగు వారాలకు పైగా దాక్కున్నాడు. ఆ లెక్క ఆమెకీ తెలుసు. ఆమె గోడ గడియారం వైపు చూసింది.

అతను పెన్ను తీసి 'గౌరవం' కొట్టేశాడు. పైన 'ప్రేమ' అని రాశాడు. నిబంధన ప్రకారం పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తలెత్తలేదు.

"ఇది రాసే అర్హత నాకు లేదని తెలుసు," అన్నాడు. "అడిగారు కాబట్టి ఉన్న మాట రాశాను."

"చదవండి."

"ఏంటి?"

"గట్టిగా. రెండుసార్లు."

ఆమె మొహంలో నవ్వు లేదు. అతను చదివాడు. ఆమె మీద నాకు ప్రేమ ఉంది. మళ్లీ చదివాడు. ఆమె మీద నాకు ప్రేమ ఉంది. ఖాళీ గదిలో రెండోసారి మాట స్పష్టంగా వినిపించింది.

ఆమె అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"మీ మీద నాకు కోపం పోలేదు," అంది. "చాలా ఉంది. కౌంటరులో కూర్చున్న ప్రతి రోజుకీ ఉంది. అది తీరేదాకా రోజూ ఏదో ఒకటి అంటాను. పడతారా?"

"పడతాను."

"రోడ్డుకి అవతల నిలబడడం మానేయండి. అక్కణ్నుంచి తిడితే వినపడదు."

వంగి, అతని సంతకం కింద 'సరిచూసినవారు' అని రాసింది. తన పేరు రాసింది. పక్కన తేదీ వేసింది. గోడ గడియారం ఇంకోసారి చూసి, టైము కూడా వేసింది.